ఆరువందల ఎనభై, పక్కన ఇరవై రెండు

ఎరుపు, ఎరుపు, నలుపు. ఆమె భూతద్దాన్ని కాస్త కిందికి దించి మళ్ళీ చూసింది. ఎరుపు, ఎరుపు, నలుపు, చివర సన్నటి బంగారు గీత. ఆ గీతల లెక్కన ఇరవై రెండు ఓముల రెసిస్టరు. దాని కాలికి కాలు పెనవేసుకుని పక్కనే ఇంకొకటి: నీలం, బూడిద, గోధుమ రంగు. ఆరువందల ఎనభై. రెండూ కలిపితే ఏడువందల రెండు. బొమ్మ రైలింజను వెనక వెలిగే మెంతిగింజంత ఎర్రదీపానికి ఇంత వైభోగంగా రెండు రెసిస్టర్లు కట్టేవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే. ఒకరు నాన్న, ఆయన పోయి తొమ్మిదేళ్ళు దాటింది. ఒకరు తను. మూడోవాడు తమ్ముడు, వాడు పదకొండేళ్ళ కిందట పడవ మునిగి పోయాడు. ఆమె ఇంజన్ని వెల్లకిలా తిప్పి, అడుగున అచ్చు కొట్టిన సంవత్సరం చూసింది. అది తయారై మూడేళ్ళే అయింది. గోడ గడియారంలో నాలుగూ ఐదు. ఇంజను తెచ్చినాయన ఐదింటికి వస్తానని చెప్పి వెళ్ళాడు.

మూడేళ్ళు. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, మూడేళ్ళని లెక్కపెట్టడానికి వేళ్ళు కావాలా ఎవరికైనా. చేతిలో టంకం కడ్డీ ఇంకా వేడిగానే ఉంది, చివర పొగ లేస్తూనే ఉంది, దాన్ని దాని స్టాండులో పెట్టాలన్న ఆలోచన కూడా రావడంలేదు. కడ్డీ పెట్టు, పెట్టు ముందు, అని తనకు తనే చెప్పుకుని పెట్టింది. బయట ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తన్నుతున్నారు, ఒకటి, రెండు, మూడు, అంటుకోదు, నాలుగు. మనుషులు ఇంకా స్కూటర్లు తన్నుకుంటున్నారు. పొద్దున గొడుగాయన ఈ ఇంజను తెచ్చినప్పుడు ఎంత మామూలుగా ఉంది లోకం. ఎండ కాస్తుంటే చేతిలో గొడుగు, అదీ మడిచి, కర్రలా నేలకి ఆనించుకుంటూ. వెనక దీపం వెలగట్లేదమ్మా, కాస్త చూసిపెట్టు అన్నాడు. ఇలాంటి పని ఆమెకి పావుగంట. భోజనం చేసి, గిన్నెలు కడిగి, తీరిగ్గా నాలుగింటికి కూచుని పైకప్పు ఊడదీసింది. ముందర తెల్లదీపం దగ్గర ఏడువందల యాభై కనిపించినప్పుడు కూడా ఏమీ తోచలేదు, పైగా నవ్వొచ్చింది, మన జాతివాడు ఇంకెవడో ఉన్నాడే అనుకుంది. నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే వెనక భాగం తెరిచింది.

ఏడువందల యాభై అంటే సరే, ఎవడో చేతికి దొరికింది పెట్టాడనుకోవచ్చు. ఎల్ఈడీ దీపానికి ఎంత కరెంటు పోస్తే అంతా తాగేస్తుంది, తాగి కాలిపోతుంది, దానికి హద్దు తెలీదు. మధ్యలో నిలబడి, చాలు ఇక, అనేవాడు ఒకడు కావాలి. ఆ చాలు అనేవాడే రెసిస్టరు. ఎంతవాణ్ణి నిలబెట్టాలన్నదే ఈ పనిలో అసలు విద్య. పట్టాల్లో పన్నెండు వోల్టులు పారతాయి, తెల్లదీపం తన వాటాగా మూడు తీసుకుంటుంది, కాబట్టి పన్నెండులోంచి మూడు తీసెయ్యాలి, మిగిలిన తొమ్మిదికే వోల్టుకి యాభై చొప్పున లెక్క కట్టాలి, నాలుగువందల యాభై వస్తుంది, కొట్లో దొరికేది నాలుగువందల డెబ్భై. లోకమంతా ఇలాగే చేస్తుంది. నాన్న మాత్రం తీసెయ్యడు, కలుపుతాడు. పట్టాల బరువు పన్నెండు, దీపం బరువు మూడు, రెండూ మోసేది ఈ ఒక్కడే కదరా, మోసేవాడి మీద బరువు కలుస్తుందిగానీ తగ్గుతుందా, అనేవాడు. పదిహేను. ఏడువందల యాభై. ఎర్రదీపం రెండు వోల్టులది, పన్నెండూ రెండూ పధ్నాలుగు, ఏడువందలు రావాలి. ఏడువందలది ఏ కొట్లోనూ అమ్మరు. అందరూ ఆరువందల ఎనభై పెట్టి ఊరుకుంటారు, నాన్న ఊరుకోడు. లెక్క ఏడువందలన్నప్పుడు ఏడువందలే ఉండాలని, మిగిలిన ఇరవైకి దగ్గరగా ఉన్న ఇరవై రెండు తెచ్చి పక్కన అతికిస్తాడు. ఆ బంగారు గీత ఉందే, దానర్థం ఐదు శాతం అటూ ఇటూ ఉంటుందని, అంటే ఆరువందల ఎనభైలో ముప్ఫై నాలుగు ఓములు ఎలాగూ తేడా, ఆ తేడాలో ఈ ఇరవై రెండు ఎక్కడ తప్పిపోతుందో దేవుడికెరుక. వానలో నిలబడి మొక్కకి చెంబుతో నీళ్ళు పోసినట్టు. మొదలే తప్పు లెక్క, ఆ తప్పుని మళ్ళీ ఇంత పద్ధతిగా, ఇంత పట్టింపుగా చెయ్యడం. ఇది ఇంకో ఇంట్లో పుట్టదు. పుడుతుందా, ఎక్కడో ఇంకో నాన్న, ఇంకో తప్పు, అచ్చం ఇలాగే? పుట్టకూడదని ఏముంది. ఆమె మీటరు తీసి రెండు కొనల మీదా ముళ్ళు ఆనించింది. అంకె నిలబడలేదు. మోచేతులు బల్లకి ఆనించి మళ్ళీ పెట్టింది. ఆరువందల తొంభై తొమ్మిది. నాన్న ఉంటే ఆ ఒక్కటీ ఎటు పోయిందని అడిగేవాడు.

పెనవేసిన తీగ చూడు, పిచ్చిదానా, తీగ చూడు. ఆమె భూతద్దం కిందికి మళ్ళీ వంగింది. రెండు కాళ్ళనీ మూడు చుట్లు చుట్టి టంకం పెట్టారు, చుట్లు ఎడమవైపుకి తిరిగాయి. నాన్నవీ తనవీ కుడివైపుకి తిరుగుతాయి. తమ్ముడు ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఒకే బల్లకి పక్కపక్కన కూచుంటే వాడి మోచెయ్యీ తన మోచెయ్యీ కొట్టుకునేవి, అక్కా జరుగు, నువ్వే జరగరా, ఇద్దర్నీ జరపలేక నాన్న చివరికి వాణ్ణి అటు కొసకి మార్చాడు. ఇప్పుడు ఆ కొసన పాత ఇంజన్ల అట్టపెట్టెలున్నాయి. ఆమె తలెత్తి అటు చూడబోయి చూడలేదు. బతికున్నాడు. బతికున్నాడు, మూడేళ్ళ కిందటి ఇంజన్లో దీపాలు పెట్టాడు, ఎక్కడో కుర్చీలో కూచున్నాడు, ఎవరితోనో మాట్లాడాడు, తిన్నాడు, గడ్డం గీసుకున్నాడు, చెప్పులు అరిగితే కొత్తవి కొనుక్కున్నాడు. సంతోషం కావాలి కదా ఇప్పుడు. రావడంలేదు. రెండు చేతులూ చల్లబడి, ఎవరివో తెచ్చి బల్ల మీద పెట్టినట్టున్నాయి.

ఆ తీసివేత వాడికి నేర్పింది తనే. సాయంత్రం పూట టెక్నికల్ క్లాసులకి పోతుండేది, మొదటి నెలలోనే మాస్టారు బోర్డు మీద రాశాడు, కలపడం కాదు, తీసెయ్యాలి. ఆ రాత్రి పరుగెత్తుకొచ్చి చెబితే నాన్న అన్నం కలుపుతూ, మన దీపాలు ఎప్పుడైనా కాలిపోయాయా, అన్నాడు. లేదు. మరింకేంటి, అన్నాడు. అంతే, విచారణ ముగిసింది. నాన్న మారడని తమ్ముడి చెవిలో ఊదింది, ఒరేయ్, ఈసారి నువ్వు నాలుగువందల డెబ్భై పెట్టు, వెలుగెలా ఉంటుందో చూద్దాం, నాన్నకి చూపించి నోరు మూయిద్దాం. వాడు పెట్టాడు. అక్క చెప్పిందంటే వాడికి అదే శాసనం. పెట్టింది నది అవతలి పళ్ళ డాక్టరుగారి ఇంజన్లో, వాళ్ళ తాత చేత్తో చేసిన పైకప్పున్న ఇంజను అది, ఆయన దాన్ని పసిపిల్లని తెచ్చినట్టు తువ్వాలులో చుట్టి తెచ్చేవాడు. ఆయనింట్లో ట్రాన్స్‌ఫార్మరు పాతదని, పట్టాల్లోకి పన్నెండు కాదు పద్దెనిమిది వోల్టులు వదులుతుందని ఎవరికి తెలుసు. రెసిస్టరు నిప్పుకణికైంది, పైకప్పు మైనంలా వంగిపోయింది. డాక్టరుగారు మళ్ళీ అదే తువ్వాలులో చుట్టి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టాడు. తిట్టినా బాగుండేది. నాన్న విప్పి చూశాడు. పసుపు, ఊదా, గోధుమ రంగు, నాలుగువందల డెబ్భై. ఇదెవడు పెట్టమన్నాడురా, అన్నాడు. వాడు అక్క వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే ఇన్నేళ్ళుగా ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. నేనే పెట్టాను నాన్నా, అన్నాడు. నీ చేతికి ఇక కడ్డీ ఇవ్వను, నువ్వు ఈ బల్ల దగ్గరికి రావద్దు, అన్నాడు నాన్న, వచ్చిన మనిషి ముందే. ఆమె మూడడుగుల దూరంలో తలొంచుకుని ఒక చక్రానికి నూనె రాస్తోంది. అప్పటికే నూనె రాసిన చక్రానికే మళ్ళీ రాస్తోంది. నేనే చెప్పాను, అన్న రెండు మాటలు. నోరు పెగల్లేదు. రాత్రి చెబుదాంలే, నాన్న కోపం తగ్గాక చెబుదాంలే అనుకుంది. తెల్లారేసరికి వాడు లేడు, డాక్టరుగారి దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పుకుంటానని అమ్మతో అని, తొలి పడవకి పోయాడు.

ఆ పడవ నది మధ్యలో తిరగబడింది. టికెట్లు ఇచ్చినవాడి పుస్తకంలో వాడి పేరుంది. దొరకనివాళ్ళు ఏడుగురు, వాళ్ళలో వాడొకడు. అందరూ ఏడ్చారు, అమ్మ మాత్రం ఏడవకుండా అదే మాట పట్టుకుంది. వాడు పడవెక్కడే, వాడికి నీళ్ళంటే హడల్, మోకాలి లోతు దాటి దిగనివాడు పడవెలా ఎక్కుతాడే. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పాలవాడికి చెప్పేది. నాన్న పోయాక ఇంకా ఎక్కువైంది. ఒకరోజు ఆమె విసిగి, అమ్మా, వాడు పోయాడు, నువ్వు ఒప్పుకుంటే నాకు కాస్త ఊపిరాడుతుంది, అనేసింది. అమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, సరేలే అంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, పోయేదాకా ఎత్తలేదు. పోయి రెండేళ్ళు. అంటే అమ్మ మాటే నిజం. అందరికంటే, పోలీసుల కంటే, పేపరు కంటే, టెక్నికల్ క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్న కూతురి కంటే అమ్మకే సరిగ్గా తెలుసు, వాడు టికెట్టు కొన్నాడు, రేవులో నిలబడ్డాడు, నీళ్ళు చూశాడు, ఎక్కలేకపోయాడు. వెనక్కి రాలేకపోయాడు. సాయంత్రానికి పేపర్లో తన పేరు చూసుకుని ఉంటాడు. చచ్చినవాళ్ళని ఎవరూ తిట్టరు కదా, అదీ సుఖంగానే ఉంది అనుకున్నాడేమో. ఒరేయ్. ఒక ఉత్తరం ముక్క. ఒక్క ఫోను, మాట్లాడకపోయినా సరే, ఊపిరి వినిపించి పెట్టేసినా అమ్మ కనిపెట్టేది. నేను చంపానని నేననుకున్నానురా. పదకొండేళ్ళు ప్రతి దీపానికీ లెక్క కట్టేటప్పుడు అనుకున్నాను. కాగితం మీద వంద సార్లు వేశాను, పద్దెనిమిదిలోంచి మూడు తీస్తే పదిహేను, పన్నెండుకి మూడు కలిపితే పదిహేను, నాన్న తప్పే పెట్టి ఉంటే ఆ కప్పు కరిగేది కాదు. నా ఒప్పు నిన్ను చంపిందనుకున్నాను. అందుకే నేనూ ఆ రోజు నుంచీ కలుపుతూనే ఉన్నాను, ఒక్కసారీ తీసెయ్యలేదు. నువ్వూ అక్కడ కలుపుతూ కూచున్నావా.

నాలుగూ నలభై. ఆమెకి హఠాత్తుగా అసలు పని గుర్తొచ్చింది, అలవాటైన చేతులు మనసుకంటే ముందే గుర్తు చేసుకున్నాయి. రెసిస్టర్లు రెండూ బాగున్నాయి, దీపం మీటరు తగిలించగానే మినుకుమంది, మరి వెలగకపోవడానికి కారణమేంటి. నల్ల వైరు వెంబడి పట్టకారు కొనతో పోతూ పోతూ చక్రాల దగ్గర ఆగింది. వైరు రెండు ముక్కలుగా ఉంది. పాతబడి తెగిన వైరు కొసలు చీపురుపుల్లల్లా విచ్చుకుంటాయి, రాసుకుని తెగితే ఒక పక్క నలుగుతుంది. ఇది కట్టరుతో కత్తిరించినట్టు చదునుగా ఉంది. రాగి కొస నిగనిగలాడుతోంది, ఇంకా నల్లబడనైనా లేదు, నిన్నో మొన్నో కోసినట్టుంది. దీపం పాడుకాలేదు. పాడుచేశారు. వెనక భాగం తెరిస్తేగానీ కనబడనిచోట, తెరిచినవాళ్ళకి ఆ రెండు రెసిస్టర్లూ కంటపడి తీరేచోట, చూసుకుని మరీ కోశారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఇంజను దారి తప్పి ఈ కొట్టుకి రాలేదు. వాడే పంపాడు. ఇంతసేపూ తను వాణ్ణి కనిపెట్టాననుకుంటోంది, వాడు అక్కడెక్కడో కూచుని అక్క కనిపెడుతుందా లేదా అని చూస్తున్నాడు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఎవరూ వెతకడానికి రాకపోతే వాడే కాస్త దగ్గేవాడు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ సగంలోనే ఆగిపోయాయి, వాటిని తోసుకుని కోపం వచ్చింది. ఎంత తెలివిరా నీకు. ఆమె చిన్న సొరుగుల అర వైపు చెయ్యి చాచింది. ఐదువందల పది ఓముల సొరుగు. పన్నెండులోంచి రెండు పోతే పది, దానికి ఐదువందలు, దగ్గర్లో దొరికేది ఇదే, లోకమంతా పెట్టేది ఇదే. నాన్న లెక్కతో కట్టిన ఆ రెంటినీ పీకేసి, ఇదొక్కటి పెట్టి, వైరు అతికి పంపితే సరి. తెరిచి చూసుకుంటాడు. ఆకుపచ్చ, గోధుమ, గోధుమ. అక్కకి నేనెవరో తెలీలేదనుకోనీ. తెలిసీ పీకేసిందనుకోనీ, ఇంకా మంచిది. ఒక రెసిస్టరు తీసి అరచేతిలో వేసుకుంది, బియ్యపుగింజకంటే కాస్త పొడుగు, బరువే లేదు. లేదా ఏమీ మార్చకుండా వైరు మాత్రం అతికి పంపెయ్యాలి, అప్పుడు దానర్థం, తెలిసిందిరా, క్షమించాను, రారా అని. అంత సులువా. చూశానన్న గుర్తు ఉండాలిగా, టంకం చుక్క తనదైతే వాడు గుర్తుపడతాడు. గుర్తుపట్టి ఏం చేస్తాడు, ఇంకో ఇంజను పంపుతాడా, ఇంకో దీపం కోసి. ఇలా ఇద్దరూ బొమ్మ రైళ్ళు పంపుకుంటూ ముసలైపోతారా. నేనే చెప్పానన్న ఆ రెండు మాటలు ఏ రెసిస్టరు మీద రాసి పంపాలి, దాని మీద ఉండేది నాలుగు గీతలకి చోటు. ఐదువందల పది ఆమె చెమటకి అరచేతికి అతుక్కుంది. కడ్డీ వేడెక్కి సిద్ధంగా ఉంది. తమ్ముడు బతికున్నాడు, తను కూచుని సొరుగులు ఎంచుకుంటోంది, ఇంతకంటే విడ్డూరం ఉంటుందా అనుకుంది. ఆ ఐదువందల పదిని తీసుకెళ్ళి మళ్ళీ దాని సొరుగులోనే వేసింది.

ఐదు కొట్టకముందే గుమ్మంలో గొడుగు టకటకమంది. గొడుగాయన లోపలికి వచ్చి, బల్ల మీద విప్పి పడున్న ఇంజన్నీ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అయిందా అమ్మా?"

"లేదండీ." ఇంజన్ని ఆయన వైపు తిప్పింది. "వైరు దానంతటది తెగలేదు. ఎవరో కోశారు. ఆ కోసినవాణ్ణే వచ్చి అతకమని చెప్పండి."

గొడుగాయన ఆశ్చర్యపోలేదు. ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని, మోయలేని మూట దించినవాడిలా కూలబడ్డాడు. "హమ్మయ్య. చెబుతానమ్మా, ఇప్పుడే పోయి చెబుతా. మా ఇంట్లోనే అద్దెకుంటాడు, ఎనిమిదేళ్ళయింది. పోయిన నెల జ్వరమొచ్చి పడుకున్నప్పుడు బయటపెట్టాడు, ఇలా ఒక అక్క ఉందని. వెళ్ళరా అంటే వెళ్ళడే. ముందు ఇది ఇచ్చి రండి, ఇంజను వెనక భాగం విప్పి అక్క ఏమందో విని రండి అంటాడు. పొద్దున్నించీ బస్టాండులో బెంచీ మీద కూచున్నాడు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

బస్టాండు. రెండు వీధులు దాటి, మలుపు తిరిగితే బస్టాండు. ఆమె గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా అక్కడే ఉన్నాడన్నమాట. ఇప్పుడు వాడే రావాలి, ఆ గుమ్మం దాటి, ఈ బల్ల దగ్గరికి, నాన్న రావద్దన్న ఈ బల్ల దగ్గరికి, నేను లేవను, కుర్చీలోంచి కదలను, నడిచి రానీ, ఆ నాలుగడుగులూ వాడే వెయ్యనీ. పదకొండేళ్ళ తిట్లన్నీ వరసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. గొడుగాయన లేవబోయి మళ్ళీ కూచున్నాడు.

"ఇంకొకటి కూడా కనుక్కురమ్మన్నాడమ్మా. అమ్మ ఇప్పటికీ మధ్యాహ్నం పూట పడుకుంటుందా, ఐదున్నరకి లేస్తుందా, అని. నిద్ర మధ్యలో లేపితే గుండె దడ వస్తుందట కదా ఆవిడకి. ఆవిడ లేచి, ముఖం కడుక్కుని కూచున్నాకే వస్తాడట."

ఆమె నోరు తెరిచింది. అమ్మ పోయి రెండేళ్ళయిందని చెప్పు, అన్నది ఒక గొంతు, చెప్పు, ఆయన చేతే చెప్పించు, నీకు తగిన శాస్తి జరిగిందిరా అని చెప్పించు. బెంచీ మీద కూచున్నవాడు కనిపించాడు. మాటిమాటికీ గడియారం చూసుకుంటూ, ఇంకా ఐదున్నర కాలేదు, ఇంకా లేచి ఉండదు, అనుకుంటూ. వాడు నడిచి వస్తాడు. లోపలికి రాగానే ముందు తన వైపు కూడా చూడడు, అటు, అమ్మ పడుకునే లోపలి గది తలుపు వైపు చూస్తాడు. ఆ తలుపు వెనక ఇప్పుడు ఇంజన్ల అట్టపెట్టెలే ఉన్నాయి. ఆమె కడ్డీ ప్లగ్గు పీకింది. స్టూలు దాటుకుని గుమ్మం దాకా వెళ్ళి, గొడుగాయన ఇంకా లేవలేదని వెనక్కి తిరిగింది.

"అమ్మ సంగతి మీరు చెప్పకండి," అంది. "నేనొస్తున్నా, పదండి."